కానుగ చెట్టుకు పోసిన నీళ్లు

డెబ్బైల చివర్లో, వరసగా రెండో కరువు ఏడాది, నల్లమాడ దగ్గర ఒక పల్లెకు టీచరుగా వెళ్లాను. మాలవాడలో పుట్టి ట్రైనింగు దాకా చదివినదాన్ని. అంటరానితనం నేరమని చెప్పే చట్టం నాకు కంఠతా వచ్చు. ఎవరు నోరెత్తుతారో చూద్దామని కొంగు బిగించుకునే వెళ్లాను.

నా కులం నాకంటే ముందే ఊరు చేరింది. అయినా ఎవరూ నోరెత్తలేదు. అంతకు ముందటేడే అక్కడి టీ హోటలాయన మావాళ్లకు వేరే గ్లాసు పెట్టి, అదేమని అడిగినవాణ్ణి కులం పేరుతో తిట్టి, కేసులో ఇరుక్కున్నాడట. దాంతో ఊరంతా ఒకటే పాఠం నేర్చుకుంది: తిడితే కేసు, తిట్టకపోతే లేదు. గ్లాసు సంగతి ఎవరికీ గుర్తు లేదు. మావాళ్ల పిల్లలు అప్పటికే బడి మానేశారు.

బడిలో ఒక మూల ఇసుక మీద మట్టికుండ ఉండేది. పొద్దున్నే పిల్లలు బోరింగు నీళ్లు తెచ్చి నింపేవాళ్లు. మొదటి రోజు నేనే వెళ్లి ముంచుకుని తాగాను. నలభై మంది రాయడం ఆపి చూశారు. మళ్లీ తలలు వంచుకుని రాసుకున్నారు.

ఆ రోజు కుండ దగ్గరికి ఇంకెవరూ రాలేదు. మరునాడూ అంతే. మూడోనాడు బెత్తం ముంచి కొలిచాను. సాయంత్రానికి నేను తాగిన మేరకే తగ్గింది. దప్పి కాలేదా అని ఎవరినడిగినా, పగిలిన పెదాలతో, ఒకే గొంతుతో, కాలేదు టీచరమ్మా అనేవాళ్లు. ఆ మాట చెప్పేటప్పుడు ఒక్కరూ రెప్ప వేసేవాళ్లు కాదు. పట్టపగలు, అంత ఎండలో, నాకు వెన్నులో చలి పుట్టేది.

బడి వదిలాక ఆ నీళ్లు బయట కానుగ చెట్టు మొదట్లో పోసి, కుండ కడిగి బోర్లించి పోయేవాళ్లు. చుట్టూ వేరుశనగ చేలన్నీ మాడిపోతుంటే ఆ చెట్టు ఒక్కటే చిగురు వేసింది. గాలి లేకపోయినా ఆకులు తళతళలాడేవి. చూడాలంటే భయమేసి అటువైపు కిటికీ మూసేసేదాన్ని.

ఒళ్లు మండి ఒక రోజు తాసిల్దారుకు ఫిర్యాదు రాయడానికి కూర్చున్నాను. ఎవరి మీద రాయాలి? ఏమన్నారని రాయాలి? తేదీ వేసి ఆగిపోయాను.

ఆ వారమే రెండో తరగతి పిల్ల ఒకతి ఎక్కం చెప్తూ చెప్తూ కూలిపోయింది. ఒళ్లు కాలుతోంది, చెమట లేదు. ఒళ్లో వేసుకుని గ్లాసు నోటికి పెట్టాను. స్పృహ సరిగా లేని పిల్ల, పళ్లు గట్టిగా బిగించింది. నీళ్లు గడ్డం మీదుగా కారిపోయాయి. తాగవే తల్లీ, చచ్చిపోతావే అని ఏడ్చేశాను. మిగతా పిల్లలు చుట్టూ నిలబడి చూశారు. ఒక్కరికీ ఏడుపు రాలేదు.

ఎవరు కబురు పెట్టారో, దాని అవ్వ వచ్చింది. ఇంటి నుంచి తెచ్చిన చెంబు నోటికి పెడితే పిల్ల గటగటా తాగింది. పసిదాని ప్రాణం కంటే మీకు కులమే ఎక్కువైందా అని అడిగేశాను. అవ్వకు కోపం రాలేదు. చాలా నెమ్మదిగా అంది.

"నిన్ను ఎవురన్నా ఏమన్నా అనినారా తల్లీ? ఒక్క మాటన్నా అంటిమా?"

మరునాటి నుంచి నా నీళ్లు నేను సీసాలో తెచ్చుకున్నాను. కుండ ముట్టనని ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాతి రోజు చూస్తే పాత కుండ చోట కొత్తది ఉంది. మధ్యాహ్నానికే అది ఖాళీ అయింది. ఆ పిల్ల రెండు గ్లాసులు తాగి, నావైపు చూసి మొదటిసారి నవ్వింది. బతికిందిలే అని నేనూ నవ్వాను. ఆ నవ్వుకు ఇవాళ్టికీ సిగ్గుపడతాను.

కానుగ ఆకులు నెల తిరక్కుండానే రాలిపోయాయి. ఏడాది చివర తనిఖీకి వచ్చిన ఆఫీసరు రిజిస్టరు లోంచి తల ఎత్తకుండా, ఊళ్లో ఏమైనా ఇబ్బంది ఉందా అమ్మా అని అడిగాడు. నలభై మంది పిల్లలు నన్నే చూస్తున్నారు.

ఎవరూ ఏమీ అనలేదండీ, అన్నాను.