డాక్టరు నూనె వద్దనలేదు

ఒక చిన్న అబద్ధాన్ని ఏళ్ళ తరబడి మోస్తున్నాను. చిన్నది అని ఎందుకన్నానో నాకే తెలియదు. ఇంగ్లీషులో ఒక మాట, తెలుగులో ఒక మాట, అంతే కాబట్టి కాబోలు. మా ఆయనకు తెలియదు. స్నేహితురాళ్ళకు తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్తున్నాను. మధ్యలో నా మీద నాకే జాలి పుట్టి సాకులు మొదలుపెడితే నమ్మకండి.

మా పాప రెండు పాదాలూ లోపలికి తిరిగి పుట్టింది. క్లబ్‌ఫుట్ అంటారు. అరికాళ్ళు ఒకదాన్నొకటి చూసుకుంటున్నట్టు ఉండేవి. అప్పుడు అమెరికాలో, ట్రాయ్ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. పసిగుడ్డుకే పిండికట్లు వేశారు. వారం వారం మార్చి కట్టారు. మడమ వెనక చిన్న ఆపరేషన్ చేశారు. పాదాలు చక్కగా తిరిగాయి. ఆ తర్వాత బూట్లు ఇచ్చారు, రెంటినీ కలుపుతూ మధ్యలో ఒక కమ్మీ. స్నానం చేయించే గంట తప్ప రోజంతా ఉంచాలి. కొన్ని నెలలు గడిచాక నిద్రలో మాత్రం ఉంటే చాలు. విప్పేస్తే పాదం మళ్ళీ మొదటికొస్తుందని డాక్టరు ముందే చెప్పారు. నాకు అర్థం కాలేదని చెప్పలేను. బాగా అర్థమైంది.

మా ఆయన ప్రాజెక్టు వేరే రాష్ట్రంలో. సోమవారం ఫ్లైటెక్కితే గురువారం వచ్చేవాడు. నాకు ఉద్యోగం చేసే వీసా లేదు, డ్రైవింగ్ రాదు, బయట మంచు. సాయానికి ఒంగోలు నుంచి మా అత్తగారు వచ్చారు. రోజూ పాపను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నూనె రాసి స్నానం చేయించేవారు. గంట దాటకుండా తుడిచి, బూట్లు తెచ్చి నా చేతికిచ్చేవారు. కమ్మీ బిగించడం తనకు భయమట.

మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో మధ్యాహ్నాలు తెలుగు తల్లులు పిల్లల్ని తీసుకుని చేరేవారు. మా ఆయన లేని రోజుల్లో ఇంటి బయట నాకున్న మనుషులు వాళ్ళే. మొదటిసారి పాపను దుప్పట్లో చుట్టి తీసుకెళ్ళాను. దుప్పటి జారింది. ఒకావిడ కమ్మీ చూసి, "అయ్యో, ఆడపిల్ల కదా" అంది. అంతే అంది. పాపం, ఆవిడ ఉద్దేశం చెడ్డది కూడా కాదేమో.

మర్నాటి నుంచి బూట్లు అలమరాలో పెట్టి, పాప కాళ్ళకు గులాబీ రంగు మేజోళ్ళు తొడిగి తీసుకెళ్ళాను. అందరూ ఎత్తుకున్నారు, ముద్దు చేశారు. నన్ను కూడా ఎవరో ఎత్తుకున్నట్టే అనిపించింది. తిరిగి వచ్చాక బూట్లు తొడగబోతే పాప గుక్కపెట్టి ఏడ్చేది. కాసేపు చూద్దాంలే అనుకునేదాన్ని. ఆ కాసేపు సాయంత్రమైంది, తర్వాత మర్నాడైంది. అత్తయ్య అడిగితే, పగలు తగ్గించమన్నారని డాక్టరు పేరు చెప్పాను. ఆవిడ సంతోషించారు. గురువారం మా ఆయన వచ్చే వేళకు మాత్రం బూట్లు కాళ్ళకుండేవి. ఇంత తెలివి వేరే పనికి వాడి ఉంటే ఈపాటికి ఏదో ఒకటి అయ్యేదాన్ని.

తర్వాతి చెకప్‌కి నలుగురం వెళ్ళాం. డాక్టరు కుడి పాదం పట్టుకుని చాలాసేపు తిప్పి చూశారు. లోపలికి వచ్చేస్తోందన్నారు, మళ్ళీ పిండికట్లు వేయాలన్నారు. రోజంతా ఉంచుతున్నారా అని అడిగారు. కోపంగా కాదు, మామూలుగానే. మా ఆయన నా వైపు చూశాడు. నిజం చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? నోరు తెరిచాను. మా అత్తగారు నూనె రాయడానికి మాటిమాటికీ విప్పేస్తారు, ఎంత చెప్పినా వినరు అన్నాను. ఇంగ్లీషులో. ఆవిడ నా పక్క కుర్చీలోనే ఉన్నారు, పాప మేజోడు సర్దుతూ. తన గురించేనని తెలిసి నవ్వారు కూడా. నేనేదో మంచి మాట చెప్తున్నాననుకున్నారు.

కావాలంటే ఫోన్‌లో తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని పిలుస్తాం, ఆవిడకు వివరంగా చెప్పవచ్చు అన్నారు డాక్టరు. అక్కర్లేదు, నేను చెప్తాను అన్నాను.

బయటికి వస్తూ ఆవిడ అడిగారు.

"ఏమన్నారమ్మా డాక్టరు?"

"నూనె వద్దన్నారు అత్తయ్యా."

"నూనెకి ఎముక తిరుగుద్దా?"

నేను పాప కోటు జిప్పు పెడుతున్నట్టు వంగాను.

"అమ్మా, ఇక నువ్వు దాని కాళ్ళు ముట్టుకోకు," అన్నాడు మా ఆయన. అమ్మను నొప్పించకుండా నేను సంగతి చుట్టి చెప్పానని అనుకుని ఉంటాడు.

ఆవిడ వాదించి ఉంటే బాగుండేది. నన్ను నిలదీసి ఉంటే ఆ పార్కింగ్‌లోనే అంతా కక్కేసేదాన్నేమో. ఏమో, అది కూడా సాకే. ఆవిడ ఎలా వాదిస్తారు? బూట్లు విప్పడానికి డాక్టరే ఒప్పుకున్నారని నేను చెప్పాను కదా. ఇక మిగిలిన తప్పు ఆవిడ నూనెదే. అలా కుదురుతుందని నేను ముందుగా ఆలోచించలేదు. కుదిరాక మాత్రం ఊపిరి పీల్చుకున్నాను. సిగ్గుగా ఉంది ఈ మాట రాయడానికి.

ఆ తర్వాత ఆవిడ పాపను ఎత్తుకోవాలంటే నన్ను అడిగేవారు. "ఎత్తుకోనా అమ్మా?" అని, సొంత మనవరాలిని. వీసా గడువు ఇంకా ఉండగానే టికెట్ ముందుకు జరిపించుకుని వెళ్ళిపోయారు. నేను క్లబ్‌హౌస్‌కి వెళ్ళడం మానేశాను. కట్లతో ఉన్న పాపను, నన్ను, ఆ మంచును చూడడానికి ఇంట్లో ఇంకెవరూ లేరు. మా ఆయన నన్ను బాగా చూసుకున్నాడు. అమ్మ వల్ల నేను కష్టపడ్డానని అతని నమ్మకం. అతను మంచిగా ఉన్నప్పుడల్లా అతనికి కాస్త దూరంగా జరిగి కూర్చోవాలనిపించేది. ఇప్పటికీ అంతే.

కట్లతో కుడి పాదం కొంతవరకే దారికొచ్చింది. పోయిన ఏడాది, బడికెళ్ళే వయసులో, దానికి మళ్ళీ ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. ముందు రోజు అత్తయ్య వీడియో కాల్ చేసి పాపతో మాట్లాడతానన్నారు. ఎప్పుడూ కథలు చెప్పే మనిషి, ఆ రోజు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నా వల్లే తల్లీ నీకీ బాధ. తెలీక రాశాను. సారీ అమ్మా," అన్నారు. ఆ సారీ అనే మాట ఆవిడ నోట వినడం అదే మొదలు. మనవరాలికి అర్థం కావాలని వాడినట్టున్నారు.

పాప ఐప్యాడ్ నాకిచ్చేసి, "మామ్, నాన్నమ్మ వై సారీ చెప్తుంది?" అంది.

కాల్ ఇంకా కట్ కాలేదు. తెర మీద ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ నా వైపే చూస్తున్నారు. అప్పుడైనా చెప్పవచ్చు. నేను పాపతో, "నాన్నమ్మకి నువ్వంటే ప్రేమ," అన్నాను.

బూట్లు విప్పింది నేను. డాక్టరు పగలు తగ్గించమనలేదు, నూనె గురించి ఒక్క మాటా అనలేదు. ఆవిడ చేతుల వల్ల నా కూతురికి ఏ కీడూ జరగలేదు. ఇదిగో, అనేశాను. గుండె మీద నుంచి ఏదో కొద్దిగా జరిగినట్టుంది. ఆవిడ మాత్రం ఒంగోలులో ఇంకా తన చేతులనే తిట్టుకుంటున్నారు.