దేవవ్వ గాజులు

మా చొప్పదండి శాలోళ్ల వాడలో "హనుమండ్లూ" అని గట్టిగా పిలిస్తే నాలుగు మగ్గాలు ఒక్కసారే ఆగేవి. కొండగట్టు దగ్గరుండడమే దానికి కారణం. పిల్లలు పుట్టకపోతే ఆ గుట్టకు మొక్కుకోవడం, పుట్టినవాడికి ఆ స్వామి పేరే పెట్టుకోవడం. వేరే పేరు పెడితే స్వామికి కోపం వస్తుందట. మరి పిలిచేవాళ్ల తిప్పలు స్వామికేం తెలుసు? మేమే పెద్ద హనుమండ్లు, చిన్న హనుమండ్లు, బక్క హనుమండ్లు అని గుర్తులు పెట్టుకునేవాళ్లం. ఊరు దాటితే ఆ గుర్తులు ఎవరికీ తెలియవు.

చిన్న హనుమండ్లు భార్యే దేవవ్వ. నేను ఆ వాడకు కోడలిగా వచ్చిన కొత్తలో మా అత్త మాటలకు ఏడుస్తూ కూర్చుంటే, నూలు కండెలు చుట్టడం ఆపకుండానే నన్ను నవ్వించిన మనిషి. గాజులంటే ఆమెకు పిచ్చి. గాజుల పర్శరాములు వాడలో అడుగుపెడితే బోణీ ఆమెదే. మొగుడు కోప్పడేవాడు కాదు. "నీ గాజుల సప్పుడుంటెనే నా మగ్గం నడుస్తది" అనేవాడు. అందరి ముందూ అలా అనేవాడని మా అత్త మూతి తిప్పుకునేది.

పోలీసు యాక్షన్ అయిన పదేళ్లకు మగ్గాలు నిజంగానే నడవని రోజులొచ్చాయి. నూలు దొరకదు, దొరికి నేసినా చీర అమ్ముడుపోదు. పెద్ద హనుమండ్లు, చిన్న హనుమండ్లు కలిసి మంచిర్యాల అవతల బొగ్గుగనికి, మా మాటలో బొగ్గుబాయికి, పనికి పోయారు. పెద్దాయన భార్య రామవ్వది, దేవవ్వది గోడకు గోడ. మొగుళ్లు లేని ఆ రోజుల్లో ఇద్దరూ ఒకే పొయ్యి మీద వండుకున్నారు.

ఒక పొద్దున ఇద్దరూ రామవ్వ అరుగు మీద కండెలు చుడుతున్నారు. నేను ఎదురింటి గడపలో బియ్యం చెరుగుతున్నాను. ఎవరో కొత్త మనిషి వచ్చి నిలబడ్డాడు.

"బొగ్గుబాయి పనికి పోయిన హనుమండ్లు ఇల్లు గిదేనా?"

రామవ్వ తల ఊపింది. అతను మళ్లీ, "మీ ఆయన పేరు నువ్వే జెప్పమ్మా. నాకు గీ ఊరు కొత్త" అన్నాడు.

మా వాడలో పెళ్లాం మొగుడి పేరు పలకదు. పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని భయం. రామవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "కొండగట్టు దేవుని పేరే" అంది. దేవవ్వను అడిగినా అదే మాట చెప్పేది. ఆమెను అతను అడగలేదు.

"బాయిల కప్పు కూలిందమ్మా. మనిషి దక్కలే. ఎండలకు ఆపలేక ఆన్నే కాలవెట్టిన్రు. తోటి కూలీలు నీకు చెప్పుమన్నరు."

రామవ్వ అరుగు మీద నుంచి కిందపడింది. దేవవ్వ ఆమెను పట్టుకునే, "మల్ల... ఆయనెంబడి పోయినాయన?" అని అడిగింది. ఆమె కూడా పేరు పలకలేదు.

"గాయినకు కాలిరిగింది. దవాఖానల ఉన్నడు. పానానికి ఫికర్ లేదు."

దేవవ్వ గట్టిగా ఊపిరి వదిలింది. వెంటనే సిగ్గుపడి, రామవ్వ తలను రొమ్ముకు హత్తుకుని ఆమెకంటే ఎక్కువ ఏడ్చింది.

పదో రోజున రామవ్వ గాజులు పగలగొట్టి, బొట్టు తుడిచి, పుస్తె తీసేటప్పుడు వెనక కూర్చుని ఆమెను పట్టుకున్నది దేవవ్వే. దవాఖానకు పోయి మొగుణ్ణి చూసుకొస్తానంటే, చావు ఇల్లు వదిలి పోవద్దని పెద్దమనుషులు ఆపారు. ఇల్లు కదలని మహానుభావులకు ఆడదాన్ని ఆపడం ఒక్కటే వచ్చు. ఆమె ఆగిపోయింది. ఆయన వచ్చే రోజుకని పర్శరాములు దగ్గర కొత్త పచ్చగాజులు వేయించుకుంది.

కొన్నాళ్లకు ఒక సాయంత్రం వాడ మొదట్లో ఎవరో కట్టె ఊతంగా కుంటుతూ వస్తున్నారు. కాలు విరిగింది ఎవరికో మాకందరికీ తెలుసు కదా! దేవవ్వ కండెలు విసిరేసి పరిగెత్తింది. ఆ గాజుల చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. సగం దూరంలో ఆగిపోయింది.

వచ్చినవాడు పెద్ద హనుమండ్లు.

ఆమె చేతుల వైపు, నుదుటి వైపు చూసి ఆయన ఉన్నచోటే కూలబడ్డాడు. "నీకు కబురు రాలేదా చెల్లె?" అన్నాడు.

రామవ్వను కొండగట్టుకు తీసుకుపోయి మళ్లీ పుస్తె కట్టించారు. ఆ మర్నాడు పెద్దమనుషులు దేవవ్వ వాకిట్లోకి వచ్చారు. ఆమె తలుపుకు అడ్డం నిలబడింది.

"ఆమెను సుత గిట్లనే కూసుండవెట్టి గాజులు పలగ్గొట్టిన్రు. మల్ల ఆయన రాలేదా?"

"నేను పక్కన్నే ఉన్న చెల్లె. నా చేతులల్లనే పానం పోయింది" అన్నాడు పెద్ద హనుమండ్లు.

"నీ దినాలకు నేను అన్నం తిన్న అన్నా. నువ్వు రాంగ లేంది, ఆయన రాడా?"

పెద్దమనుషులు వచ్చిన దారినే పోయారు. ఆ బాయిలో ఇంకెంతమంది హనుమండ్లు ఉన్నారో ఎవరికి తెలుసు? మా తప్పే ఆమెకు ఆశయి కూర్చుంది.

గాజులు తీయలేదు. బతుకమ్మ ఆడేటప్పుడు కొందరు ఆమె పక్క నుంచి జరిగిపోయేవారు. నాకు ఒళ్లు మండి నేనే పోయి పక్కన నిలబడేదాన్ని. పర్శరాములు మాత్రం ఏ ఏడాదీ మారు మాట్లాడలేదు. తల వంచుకుని గాజులేసి పోయేవాడు.

పెద్ద హనుమండ్లు మళ్లీ బాయికి పోలేదు, మగ్గమే నమ్ముకున్నాడు. గోడ అవతల ఆయన మగ్గం చప్పుడు వినబడితే దేవవ్వకు ధైర్యం. చచ్చినవాడు తిరిగొస్తాడనడానికి ఆయన ఒక్కడే ఆమెకు సాక్ష్యం. ఏళ్లు గడిచి, ఆయన దగ్గుతో మంచం పట్టినప్పుడు రామవ్వతో సమానంగా సేవ చేసింది. కషాయం తాగనని మారాం చేస్తే, "నువ్వు మంచిగుండాలె అన్నా, నువ్వు ఉండాలె" అని బతిమాలేది. ఎందుకో ఆయనకూ తెలుసు. కళ్లు మూసుకుని తాగేవాడు.

అయినా పోయాడు. ఈసారి మా అందరి కళ్ల ముందే. పాడె లేపేముందు దేవవ్వ ఆయన ముఖం రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూసింది.

పదో రోజున రామవ్వ గాజులు రెండోసారి పగలగొట్టారు. వెనక పట్టుకుని కూర్చున్నది మళ్లీ దేవవ్వే. అంతా అయ్యాక ఆమె మెల్లగా ముందుకు జరిగి, రామవ్వ పక్కన కూర్చుని, చేతులు రెండూ చాపింది.

"నాయి సుత తియ్యుండ్రి."

ఎవరూ కదల్లేదు.

అప్పుడు దేవవ్వ, ఇన్నేళ్లలో ఒక్కసారీ పలకని ఆ పేరు, వాడంతా వినేటట్టు పలికింది.

"హనుమండ్లు సచ్చిపోయిండు. నా హనుమండ్లు సచ్చిపోయిండు."