పత్తి పండిన ఏడు పియానో కొన్నాం

ఆ ఏడు పత్తి విరగపండింది. కోవిల్పట్టి జిన్నింగు మిల్లు ముందు మా ఊరి బండ్లు వీధి పొడుగునా బారులు తీరి నిలబడ్డాయి. ఆఖరి బండి సరుకు అమ్ముకుని వచ్చిన సాయంత్రం మా మామగారు కాళ్ళు కూడా కడుక్కోకుండా తిన్నె మీద కూచుని నన్ను పిలిచారు. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి అప్పటికింకా ఏడాది తిరగలేదు. తలుపు చాటునే నిలబడ్డాను.

"ఏమ్మా, గొలుసు కావాల్నా, కమ్మలు కావాల్నా? నోరు తెరిచి అడుగు," అన్నారు.

నోరు తెరిచాను. "పియానో" అన్న మాట బయటికొచ్చింది.

ఆ మాట ఎక్కడినించో ఊడిపడలేదు. నేను సాత్తూరు దగ్గర పల్లెలో పుట్టినదాన్ని. మా నాయన అందరి మాటా కాదని నన్ను మిషను వాళ్ళ ఆడపిల్లల బడిలో చేర్చాడు. అక్కడ ప్రార్థన గదిలో ఒక పియానో ఉండేది. టీచరమ్మ సాయంత్రాలు దగ్గర కూచోబెట్టుకుని నేర్పేది. పెళ్ళి కుదిరి బడి మానేసిన రోజు నేను వెక్కివెక్కి ఏడిస్తే, స్నేహితురాళ్ళ కోసం అనుకున్నారు అందరూ. నా ఏడుపు ఆ పియానో కోసం. అత్తవారింట్లో బియ్యం చెరుగుతున్నా, గంజి వారుస్తున్నా నా వేళ్ళు వాటి పని అవి చేసుకుంటూనే ఉండేవి. గిన్నెల మీద ఆ తాళం ఏమిటని మా అత్త అడుగుతూ ఉండేది.

పియానో అంటే ఏమిటో ఇంట్లో ఎవరికీ తెలియదు. బీరువా అంత పెట్టె అనీ, లోపల తీగలుంటాయనీ, తెల్లమెట్లూ నల్లమెట్లూ నొక్కితే పలుకుతుందనీ చేతులు తిప్పి చెప్పాను. రోజూ నూనె పొయ్యాలా అని అత్త అడిగింది. అక్కర్లేదన్నాను. అయితే సరేనంది. మా ఆయన మాత్రం అప్పటికే కంసాలికి కబురు పెట్టి ఉన్నారు. ఆయన మొహం చూసి నాకు నవ్వు ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పరిగెత్తాను.

మామగారు ఇచ్చిన మాట వెనక్కి తీసుకునే మనిషి కాదు. కోవిల్పట్టిలో ఒక మిల్లు దొర సీమకు వెళ్ళిపోతూ సామాను అమ్ముతున్నాడని తెలిసి, మా ముగ్గురినీ బండెక్కించారు. బంగళా హాల్లో ఉంది పియానో. నల్లగా నిగనిగలాడుతూ, ఇత్తడి దీపపు చేతులతో పెళ్ళికూతురిలా ఉంది. కూచుని రెండు చేతులూ వేశాను. మెట్లు దిగాయి గాని చప్పుడు లేదు. దుప్పటి కింద ఎవరో దగ్గినట్టు ఒక మూలుగు వచ్చింది, అంతే. మామగారు పైమూత ఎత్తించి లోపలికి చెయ్యి పెట్టారు. గుప్పెడు పత్తి వచ్చింది. మళ్ళీ పెట్టారు, మళ్ళీ పత్తి. మిల్లు పక్కన ఉండే ఎలుకలు తీగల మధ్య సంసారాలు పెట్టుకున్నాయి. ఆయన ఆ పత్తిని రెండు వేళ్ళ మధ్య సాగదీసి, వెలుతురుకి పట్టి చూసి, ఇది కంబోడియా రకం కాదు, నాటుపత్తి అని తేల్చారు. మూలనించి ఒక చుంచెలుక మా అత్త కాళ్ళ మీదుగా పరిగెత్తింది. అత్త నా భుజం పట్టుకుని గెంతింది. బంగళా మెట్లు దిగేదాకా ఇద్దరం నవ్వుతూనే ఉన్నాం.

ఆ దొర బంగళా వంటవాడే చెప్పాడు, విరుదునగరంలో ఒక వ్యాపారి మండీలో రెండు పియానోలు పడి ఉన్నాయని. ఆ ఊరిని మా మామగారు చివరిదాకా పాతపేరుతో విరుదుపట్టి అనే పిలిచారు. మర్నాటి రైలుకే బయల్దేరాం.

ఆ మండీ మిరపకాయల మండీ. పైకప్పు దాకా పేర్చిన మూటల మధ్య ఉన్నాయి పియానోలు. లోపలికి అడుగు పెట్టగానే అందరికీ తుమ్ములు మొదలయ్యాయి. వ్యాపారికి అలవాటు గనుక ఆయన ఒక్కడే తుమ్మకుండా అరవంలో వాటి గొప్ప చెప్పుకుపోయాడు. ఒకటి మూడు కాళ్ళది, మంచమంత వెడల్పు. రెండోది గోడకు ఆనించి నిలబెట్టేది, రంగు వెలిసిన టేకు చెక్క, మూత మీద ఏదో గ్లాసు పెట్టిన మచ్చ. మామగారి కళ్ళు పెద్దదాని మీదే ఉన్నాయి. మా ఆయన కూడా అదే మేలన్నారు, కోతల కాలంలో దాని మీద మూటలైనా పెట్టుకోవచ్చని.

నేను ముందు పెద్దదాని దగ్గర వాయించాను, తుమ్ముకీ తుమ్ముకీ మధ్య దొరికిన వ్యవధిలో. గట్టిగా మోగింది. మండీ బయట జనం ఆగారు. తర్వాత చిన్నదాని దగ్గర కూచున్నాను. మొదటి మెట్టు నొక్కగానే చేతుల మీద వెంట్రుకలు లేచాయి. తియ్యగా, గుండ్రంగా, తొందర లేకుండా పలికింది. అదే కావాలని చెప్పడానికి నోరు రాలేదు. కొత్త కోడలిని, మామగారి మాట ఎలా కాదంటాను? మా అత్త అంతసేపూ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. సంతలో కుండను తట్టి చూసినట్టు రెండు పియానోలనీ పక్కల తట్టింది. అదే పాట మళ్ళీ రెండింటి మీదా వాయించమంది. వాయించినంతసేపూ అరచెయ్యి చెక్కకు ఆనించి కళ్ళు మూసుకుంది.

"పెద్దది అరుస్తాది. ఇది మాట్లాడతాది," అంది మామగారితో. "అరిచేదానికి మన ఇంట్లో మీరుండారు గదా."

ముందు నవ్వింది మామగారే. నవ్వుతూ తుమ్మారు, తుమ్ముతూ నవ్వారు, ఆఖరికి మూట మీద కూలబడ్డారు. చిన్నది మాదైంది.

అది గూడ్సు బండిలో కోవిల్పట్టి చేరిన రోజు ఉదయం నించీ మబ్బు పట్టి ఉంది. మా ఊరు ఒట్టపిడారం దారిలో, అంతా నల్లరేగడి. పియానోని ఎడ్లబండిలో ఒక పక్కగా పొడుగునా నిలబెట్టి, పత్తిగోతాలు చుట్టి తాళ్ళతో బిగించారు. మిగిలిన సందులో గడ్డి పరిచి నేనూ అత్తా కూచున్నాం. మామగారు బండి తోలారు, మా ఆయన పక్కన నడిచారు. సగం దారిలో వాన పట్టుకుంది. గోతాల పైన మా ఇద్దరి కంబళ్ళూ కప్పి తడిశాం. వాన వెలిసేసరికి బండి చక్రం ఇరుసు దాకా రేగడిలో దిగిపోయింది. మా ఆయన ఇంకో జత ఎడ్ల కోసం పక్క ఊరికి నడిచారు.

మేము ఎదురుచూశాం. ఎండ వచ్చింది. తడిసిన నేల ఆవిర్లు కక్కుతోంది. చుట్టూ చేలల్లో కలుపు తీసే ఆడవాళ్ళు నడుములెత్తి మా వంక చూస్తున్నారు. అత్త తడి ఏమైనా తగిలిందేమోనని గోతం తీసి చూసింది. మూత ఎత్తింది. నా మొహంలోకి చూసి, వాయించమంది.

నడిబాటలో, మామగారి ఎదుట, పొలంలో జనం చూస్తుండగానా? నేను మామగారి వైపు చూశాను. ఆయన చటుక్కున అవతలికి తిరిగి మబ్బుల్ని పరీక్షించడం మొదలుపెట్టారు. వద్దనలేదు.

మోకాళ్ళ మీద లేచి మొదలుపెట్టాను. బండి వెనక్కి ఒరిగి ఉండటం వల్ల గడ్డి మీద జారిపోతూ, పైస్వరాల పాట కాస్తా కిందిస్వరాల్లోకి వచ్చేసేది. అత్త నడుము పట్టుకుని మళ్ళీ పైకి లాగేది. ఇంతలో ఆడవాళ్ళంతా బండి చుట్టూ చేరారు. ఒకామె కుమ్మిపాట ఎత్తుకుంది. దాని వరస వెతుక్కుని పట్టుకున్నాను. వాళ్ళు బురద చేతులతో చప్పట్లు చరుస్తూ తిరుగుతుంటే చీరల నిండా, మా అత్త మొహం నిండా, తెల్లమెట్ల నిండా నల్లచుక్కలు. నాకు తల తిరిగిపోయింది సంతోషంతో. జీవితంలో అంతకంటే బాగా నేను మళ్ళీ వాయించానని చెప్పలేను. ఎడ్లతో వచ్చిన మా ఆయన బండి దగ్గరికి రాకుండా దూరంగా నిలబడిపోయారు. పాట అయ్యాక, "ఇంగొక తూరి," అన్నారు. పెళ్ళయ్యాక నలుగురిలో ఆయన నాతో అన్న మొదటి మాట అదే.

పియానోకి ఇంట్లో నడవలో చోటు చేశాం. అత్త దానికి శుక్రవారం శుక్రవారం పసుపు కుంకుమ పెట్టేది. ఆమెకి ఒక్క వేలితో కుమ్మిపాట నేర్పడానికి వేసవి అంతా పట్టింది. వచ్చాక ఇక ఆగలేదు. కొన్నేళ్ళకి మదురై నించి తీగలు సరిచేసేవాణ్ణి పిలిపిస్తే, బొంగురుపోయిన రెండు స్వరాల్ని మాత్రం ముట్టుకోనివ్వలేదు. అవి తన గొంతులాగే ఉన్నాయంది.

నా కూతురు పుట్టిన మరుసటి ఏడు కడంబూరు నించి చుట్టాలు భోజనానికి వచ్చారు. పొయ్యి మీద అన్నం పెట్టి, ఒక్కసారి వాయించి వస్తానని అత్త నడవలోకి వెళ్ళింది. వెనకే పాపని ఎత్తుకుని నేనూ వెళ్ళి పక్కన కూచున్నాను. ఆమె ఒక వేలు, నేను ఒక చెయ్యి, పాప రెండు పిడికిళ్ళూ. మాడు వాసన మాకు చుట్టాలు చెబితే గాని తెలియలేదు. మామగారు వాళ్ళకి మజ్జిగ ఇచ్చి కూచోబెట్టి, మళ్ళీ ఎసరు పెట్టమని చెప్పడానికి వచ్చారు. వచ్చి, గుమ్మానికి ఆనుకుని నిలబడి, చెప్పడం మరిచిపోయారు.