మూడుసార్లు పిలిచి తాళం వేసిన మనిషి

మొన్న కోర్టుకు సెలవు. మధ్యాహ్నం భోజనమయ్యాక కాస్త నడుం వాల్చాను. నిద్రా మెలకువా కాని ఆ స్థితిలో ఎవరో వాకిట్లో నిలబడి "లోపల ఎవరన్న ఉన్నరా?" అని పిలిచినట్టయింది. ఆ గొంతు నేను బాగా ఎరిగినదే. "ఉన్నాను దేవదానం గారూ, వస్తున్నాను" అంటూ లేచి తలుపు తీశాను. గుమ్మంలో మా గుమాస్తా నిలబడి ఉన్నాడు. "వకీలమ్మా, బేలిఫ్ దేవదానం సార్ పొద్దుగాల్ల కాలం జేసిండు" అన్నాడు.

ఇలాంటి సంగతి మరొకరు చెబితే బోనులో నిలబెట్టి నాలుగు అడ్డుప్రశ్నలు వేసేదాన్ని. పిలిచింది గుమాస్తాయే అయి ఉంటుంది. అయినా ఆ మాట విన్నాక చాలాసేపు తలుపు పట్టుకొని అలాగే నిలబడిపోయాను. బయట ఎండ, వేపచెట్టు నీడ, రిక్షా బెల్లు, అన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి. అవన్నీ ఏదో నీళ్ల అడుగున ఉన్నట్టు దూరంగా కనబడ్డాయి. మొహం కడుక్కొని హసన్‌పర్తికి బయలుదేరాను.

దేవదానం గారు ఏ సభలోనూ మాట్లాడలేదు, ఏ పదవీ అలంకరించలేదు. మా కోర్టులో బేలిఫ్‌గా పనిచేసి పోయినేడు రిటైరయ్యారు. ఇల్లు ఖాళీ చేయించే వారంటు చేతపట్టుకొని వెళ్లి, లోపలివాళ్లను బయటికి పంపి, యజమానికి ఇల్లు అప్పజెప్పడం ఆయన ఉద్యోగధర్మం. అటువంటి మనిషి రాకను ఎవరు కోరుకుంటారు? ఆయన సైకిల్ ఒక వాడలోకి మలుపు తిరిగితే ఆడవాళ్లు మాటలు ఆపేసేవారు. మరి నిన్న ఆయన శవపేటిక వెంట నడిచిన వారిలో ఆయన ఖాళీ చేయించిన కుటుంబాలే ఎక్కువ. ఈ వైచిత్రి ఎట్లా సంభవించిందో చెప్పడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆయనకొక పద్ధతి ఉండేది. సామాన్లన్నీ బయటికి చేరాక, తాళం వేయబోయే ముందు, మళ్లీ ఒక్కరే లోపలికి వెళ్లేవారు. ప్రతి గది మధ్యలో నిలబడి, "ఎవరన్న ఉన్నరా?" అని మూడుసార్లు పిలిచేవారు. ఒక్కో పిలుపు తర్వాత కాసేపు ఆగేవారు, నిజంగానే జవాబు వస్తుందన్నట్టు. ఖాళీ గదుల్లో ఆ గొంతు గోడలను తాకి మెత్తబడి వచ్చేది. బయట నిలబడ్డ మాకు, ఇంతకాలం ఆ ఇంట్లో పుట్టినవాళ్లనీ పోయినవాళ్లనీ కూడా ఆయన పేరుపేరునా అడుగుతున్నారేమో అనిపించేది. కోర్టులో కుర్రవకీళ్లు ఆయన్ని అనుకరించి నవ్వుకునేవారు. నేనూ నవ్విన దాన్నే. ఒకసారి ఎందుకిదంతా అని అడిగాను.

"ఇల్లు ఖాళీగ ఉన్నదని కోర్టుకు రాసేది నేను గద వకీలమ్మా. అడగకుంట ఎట్ల రాస్త?" అన్నారు.

ఆయన మాటలు అలాగే ఉండేవి, కొలిచినట్టుగా. మరోసారి, "తీర్పు కాగితం మీదుంటది, ఇల్లు మట్టి మీదుంటది. నడుమ నడిచేటోణ్ని నేను" అన్నారు. న్యాయశాస్త్ర గ్రంథాలలో ఎక్కడా దొరకని ఈ వాక్యానికి అర్థం నాకు సుగుణమ్మ కేసులో తెలిసింది.

అవి డెబ్బైల నాటి రోజులు. నేను నల్లకోటు వేసుకొని రెండేళ్లయింది, నాకు తెలియనిది లేదనుకునే వయసు. సుగుణమ్మ దవాఖానలో జీవితమంతా నర్సుగా చేసి రిటైరైన అవివాహిత. ఖిలా వరంగల్‌లో కోట మట్టిగోడకు దగ్గరగా మూడు గదుల పెంకుటిల్లు కట్టుకున్నది. వేరే ఊళ్లలో ఉద్యోగం చేస్తున్నప్పుడు దాన్ని సాంబయ్య అనే దర్జీకి అద్దెకిచ్చింది. ఉద్యోగం అయిపోయి తిరిగొస్తే అతను ఖాళీ చేయలేదు. వర్ధన్నపేటలో తమ్ముడి ఇంటి వరండాలో, చీర అడ్డం కట్టుకొని, ఆ వెనక మంచం వేసుకొని ఆమె ఏళ్లు గడిపింది. "నా పొయ్యి మీద నేను చాయ్ కాసుకోవాలె వకీలమ్మా. గంతే నాకు" అనేది నాతో.

చివరికి తీర్పు ఆమెకు అనుకూలంగా వచ్చింది. ఆమె కొత్త తాళం కొనుక్కొని తిన్నగా ఇంటికి పోతానంది. తీర్పు తనంతట తాను నడిచి వెళ్లి తలుపు తీయదని చెప్పవలసి వచ్చింది. గెలిచిన యజమాని అమలు కోసం మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి. దాని మీద కోర్టు వారంటు ఇవ్వాలి. ఆ వారంటుతో బేలిఫ్ వచ్చి, ఇద్దరు పెద్దమనుషుల ఎదుట పంచనామా రాసి, ఇల్లు అప్పజెప్పాలి. యజమాని తెచ్చుకున్న తాళం ఆ తలుపుకు పడ్డప్పుడే గెలుపు పూర్తవుతుంది. ఇదంతా పెద్ద గొంతుతో వివరించిన నేను, దరఖాస్తులో ఒక ముఖ్యమైన సంగతి రాయడం మరిచాను. తలుపుకు తాళం వేసి ఉంటే పగలగొట్టడానికి అనుమతి అడగలేదు.

మేం వెళ్లేసరికి తాళం వేసే ఉంది. దేవదానం గారు బయటి నుంచే మూడుసార్లు పిలిచి, సంచిలోంచి కాగితం తీశారు. వారంటులో తాళం పగలగొట్టే మాట లేదు గనక ఇవ్వాళ్టికి వెనుదిరగాలన్నారు. సుగుణమ్మ ఒక రాయి అందుకున్నది.

"నా ఇంటి తాళం నేను పగలగొట్టుకుంట. మీరు జర అటు తిరుగున్రి."

"తిరుగుత గని అమ్మా, తిరిగినట్టు సుత కాగితంల రాయాల్సొస్తది" అన్నారాయన.

ఆమె రాయి కిందపడేసి అరుగు మీద కూర్చుండిపోయింది. నాకు తలెత్తడానికి మొహం చెల్లలేదు. తప్పు నాదని ఆమెకు చెప్పే ధైర్యం కూడా నాకు లేదు. తిరుగుదారిలో దేవదానం గారు సైకిల్ నడిపించుకుంటూ నా పక్కన నడిచారు. "ఫికర్ చెయ్యకున్రి వకీలమ్మా. ఈ తాపకు రెండు దరఖాస్తులు పెట్టున్రి, ఒకటి తాళానికి, ఒకటి పోలీసులకు. నా రిపోర్టు జతచేస్తె జల్ది అయితది" అన్నారు. నా తప్పు గురించి ఆయన ఆ రోజు గానీ ఆ తర్వాత గానీ ఎక్కడా అనలేదు.

రెండు నెలలకు ఉత్తర్వు వచ్చింది. ఈసారి ఒక కమ్మరి, ఒక కానిస్టేబులు, ఇద్దరు పంచులు, సుగుణమ్మ, నేను. తాళం రెండు దెబ్బలకు ఊడింది. సాంబయ్య సంసారం అప్పటికే సామాన్లు చాలావరకు బంధువుల ఇంటికి చేర్చేసింది. ముందుగదిలో గుడ్డపీలికలు, ఒక విరిగిన స్టూలు మిగిలాయి. పెంకుల సందుల్లోంచి ఎండ సన్నటి దారాల్లా దిగుతోంది, ఆ వెలుగులో దూది రేణువులు మెల్లగా తేలుతున్నాయి. సుగుణమ్మ గోడను అరచేత్తో తడుముతూ నడిచింది. తాను దగ్గరుండి వేయించిన సున్నం ఎక్కడ పెచ్చులూడిందో చూసుకుంటున్నది. ఆదివారం ప్రార్థన అయ్యాక పరుపు తెచ్చుకుంటానని, ఇవ్వాళ తాళం వేసుకుపోతే చాలని అన్నది. ఇప్పటికీ ఆ దృశ్యం కలలోదో ఇలలోదో నాకు పూర్తిగా తేలదు.

దేవదానం గారు తన పద్ధతి ప్రకారం లోపలికి వెళ్లారు. ముందుగదిలో మూడు పిలుపులు. వంటగదిలో మూడు. కిటికీ లేని వెనకగదిలో, గుడ్డమూటల కుప్ప ముందు నిలబడి, ఒకటి, రెండు, మూడు.

"ఉన్న బిడ్డా" అని జవాబొచ్చింది.

మేమంతా లోపలికి పరుగెత్తాం. మూటల వెనక నులకమంచం మీద, దుప్పటి కప్పుకొని ఒక ముసలాయన పడుకొని ఉన్నాడు. చూపు ఆనదు, కాళ్లు వాచి ఉన్నాయి. సాంబయ్య తండ్రి మల్లయ్య. దేవదానం గారు మంచం పక్కన గొంతుక్కూర్చున్నారు.

"తాతా, ఇండ్ల ఒక్కనివే ఏం జేస్తానవు?"

"నా కొడుకు ఉండమన్నడు. ఎవరొచ్చినా పలకకు, తాళం చూసి మర్లిపోతరన్నడు."

"మరి పలికితివి గద?"

"ఇంట్లకొచ్చి మూడుసార్లు అడిగితివి. పలకకుంటె మర్యాదేనా?"

దేవదానం గారి మొహం మారింది. "పోయిన తాపకు సుత ఉన్నవా?"

"ఉన్న. బయటి నుంచి పిలిస్తె వేరేటోళ్లనేమో అనుకున్న."

 మొదటిసారి ఆయన "ఇంట్లో ఎవరూ లేరు" అని కోర్టుకు రాసి ఉన్నారు. అన్నేళ్ల ఉద్యోగంలో అది ఆయన రాసిన మొదటి అబద్ధమని ఆ మొహం చెప్పింది.

నేను మాత్రం వకీలునయ్యాను. మంచంతో సహా అరుగు మీదికి మార్పించండి, వారంటు ఆ అధికారం ఇస్తుంది, ఈయన లోపలుంటే సాంబయ్య సాయంత్రం వచ్చి ఇల్లు ఇంకా తన స్వాధీనంలోనే ఉందంటాడు, మళ్లీ మొదటికొస్తుంది అన్నాను. అందులో చట్టప్రకారం ఒక్క తప్పూ లేదు. సుగుణమ్మ అప్పటికే మంచం దగ్గర కూర్చొని ముసలాయన కాలిమడమ మీద వేలితో నొక్కి చూస్తున్నది. వేలు తీస్తే గుంట అలాగే ఉండిపోయింది.

"పవర్ ఉన్నది, కాదన్నదెవరు?" అని దేవదానం గారు ఆమె వైపు తిరిగారు. "అమ్మా, ఇల్లు నీకు అప్పజెప్పుడు నా పని. ఇప్పుడే అప్పజెప్త. గడియ తర్వాత ఇది నీ ఇల్లు. నీ ఇంట్ల ఎవలు పండాల్నో నువ్వే చెప్పాలె."

ఆమె కొత్త తాళాన్ని గుప్పిట్లో పట్టుకొని చాలాసేపు ఆలోచించింది. ఇన్నేళ్ల వరండా బతుకు ఆమె కళ్లలో కనబడుతూనే ఉంది. ఈ ముసలాయన్ని ఉండనిస్తే ఇల్లు మళ్లీ చేజారవచ్చునని ఆమెకు నాకంటే బాగా తెలుసు.

"ఇయ్యాల నా ఇంటికి చుట్టమొచ్చిండని రాసుకో సారూ" అన్నది.

ఆయన అలాగే రాశారు. ఇల్లు యజమానురాలికి అప్పగించబడినదనీ, మల్లయ్య అనే వృద్ధుడు ఆమె అనుమతితో, ఆమె అతిథిగా లోపల ఉన్నాడనీ పంచనామాలో రాసి, ముసలాయనకు చదివి వినిపించి, పంచుల ముందు వేలిముద్ర వేయించుకున్నారు. కింద మరో వాక్యం తానుగా చేర్చారు: మొదటి రిపోర్టులో ఇంట్లో ఎవరూ లేరని రాయడం తన పొరపాటనీ, అప్పుడు లోపలికి వెళ్లి అడగలేకపోయాననీ. ఎవరూ అడగని తప్పును అలా స్వహస్తంతో ఒప్పుకున్న ఉద్యోగిని నేను మరొకరిని చూడలేదు. మర్నాడు జడ్జిగారు ఆ కాగితం రెండుసార్లు చదివి సంతకం పెట్టారు.

ఇల్లు అప్పజెప్పిన రోజే పొద్దు వాలేవేళకు సాంబయ్య వచ్చాడు. సుగుణమ్మ పక్కింట్లో గిన్నె, చాయ్‌పత్తి అడిగి తెచ్చి, పొయ్యి వెలిగించి, తన తొలి చాయ్‌ని గ్లాసులో పోసి ముసలాయన చేతికిస్తున్నది. దేవదానం గారు డ్యూటీ అయిపోయినా పోకుండా అరుగు మీద కూర్చొని ఉన్నారు. సాంబయ్య గడప అవతలే నిలబడిపోయాడు.

"పలకొద్దంటి గద నాయినా" అన్నాడు.

"అడిగితె పలకనా మరి?" అన్నాడు మల్లయ్య, చాయ్ ఊదుకుంటూ.

 సాంబయ్య గడప దాటలేదు, గొడవ పడలేదు. రిక్షా తెచ్చాడు. దేవదానం గారూ అతనూ చెరోపక్క పట్టి ముసలాయన్ని ఎక్కించారు. ఆ ముసలాయన చనిపోయేదాకా సుగుణమ్మ నెలకోసారి వెళ్లి కాళ్లు చూసి, మందులిచ్చి వచ్చేది. అదే సాంబయ్య నిన్న శవపేటికకు భుజమిచ్చాడు.

ఆ కేసు తర్వాత దేవదానం గారు తాళం వేసి ఉన్న ఏ ఇంటినీ బయటి పిలుపుతో వదిలేయలేదు. కిటికీలకు, దొడ్డితలుపుకు, పెంకుల సందులకు నోరు ఆనించి పిలిచేవారు. "లోపలి మనిషికి తననే అడుగుతాన్రని తెల్వాలె" అనేవారు. నేను ఆయన దగ్గర నేర్చుకున్నంత విద్య ఏ సీనియర్ దగ్గరా నేర్చుకోలేదు. ఆ సంగతి ఆయనకు ఒక్కసారైనా చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు. ఎప్పుడూ ఏదో ఒక వారంటు మా ఇద్దరి మధ్య ఉండేది.

ఎన్నో ఇళ్ల తాళాలు ఇతరుల చేతుల్లో పెట్టిన ఆ మనిషి చివరిదాకా హసన్‌పర్తి చెరువు దారిలో రెండుగదుల అద్దె ఇంట్లోనే బతికారు. నిన్న సమాధి కార్యక్రమం అయ్యాక ఆయన బిడ్డ మార్త ఇల్లు ఖాళీ చేసి యజమానికి అప్పజెప్పాలనుకున్నది. తండ్రి లేని ఇంట్లో ఒక్కరోజు కూడా ఉండలేనన్నది. సామాన్లు ఎడ్లబండి ఎక్కాయి. గోడకు ఆయన సైకిల్ ఆనించి ఉన్న చోట నల్లటి గీత మిగిలింది. మార్త తలుపులు దగ్గరికి వేసి తాళం కప్ప తగిలించబోయింది.

"ఆగు బిడ్డా" అన్నది సుగుణమ్మ.

ఆమెకిప్పుడు నడుము వంగింది. కర్ర ఊతంగా గడప దాటి లోపలికి వెళ్లింది. ముందుగది మధ్యలో నిలబడి, "ఎవరన్న ఉన్నరా?" అని పిలిచింది. మూడుసార్లు. తర్వాత వెనకగదిలో, "ఎవరన్న ఉన్నరా?"  మార్త, సాంబయ్య, ఇంటి యజమాని, నేను, అందరం వాకిట్లో నిలబడ్డాం. నేను తర్కం నేర్చిన దాన్ని. అయినా ఒప్పుకుంటాను, ఆ మూడో పిలుపు తర్వాత "ఉన్న" అనే మాట కోసం నేను చెవి ఒగ్గాను.

ఆయన ఆగేటంతసేపూ సుగుణమ్మ ఆగింది. తర్వాత బయటికొచ్చి, మార్త భుజం మీద చెయ్యి వేసి, "ఇగ ఎయ్యి బిడ్డా" అన్నది.