ఏడాది పాస్ కోసం హౌరా దాకా

బిలాస్‌పూర్ నుంచి హౌరా వెళ్లి, కలకత్తాలో కొత్తగా కట్టిన ఆటల పార్కు చూసి రావడం కష్టమైన ప్రయాణం కాదు. శనివారం సాయంత్రం బండెక్కితే సోమవారం పొద్దున్న ఫలహారానికి ఇంట్లో ఉండొచ్చు. రైల్వే కాలనీలో పిల్లలున్నవాళ్లు ఈమధ్య చాలామంది వెళ్లివస్తున్నారు. వెళ్లబోయేవాళ్లకి పనికొస్తుందని అక్కడి టికెట్ల సంగతి కాస్త వివరంగానే రాస్తాను. అయితే నేను వెళ్లింది పార్కు కోసం కాదు. మా చిన్నాన్న కొడుకు సింహాచలానికి తోడుగా వెళ్లాను.

సింహాచలం గూడ్సు బండి గార్డు. అతని భార్య సుశీల రెండేళ్ల కిందట కూతురు పావనిని తీసుకుని, హౌరా పక్కనే సాంత్రాగాచీలో రైల్వే ఉద్యోగం చేస్తున్న అన్నగారి క్వార్టర్‌కి వెళ్లిపోయింది. తప్పెవరిదన్న చర్చ మా ఇళ్లలో ఎప్పుడూ రాలేదు. సింహాచలం తాగి వచ్చి ఆమె మీద చెయ్యి చేసుకునేవాడు. ఒకసారి కాదు. ఆమె మోచెయ్యి విరిగినప్పుడు ఆస్పత్రికి తీసుకెళ్లినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆమె వెళ్లిపోయాక అతను మందు మానేశాడు. ఉత్తరం మీద ఉత్తరం రాయగా రాయగా, ఆగస్టులో ఒక ఆదివారం కూతుర్ని చూడొచ్చని బావమరిది ప్రకాశరావు జవాబు రాశాడు. ఇంటికి రాకూడదు, పదిమంది తిరిగే చోట కలుసుకోవాలి, వెంట ఒక పెద్దమనిషి ఉండాలి అని మూడు షరతులు పెట్టాడు. ఆ పెద్దమనిషిగా సుశీల నా పేరే చెప్పిందట.

బండి నలభై నిమిషాలు ఆలస్యంగా, ఏడున్నరకి వచ్చింది. సింహాచలానిది పాస్, నాది కొన్న టికెట్టు. మధ్యాహ్నం నుంచి పడుతున్న వాన ఆగలేదు. కిటికీ రెక్కలన్నీ దించేయడంతో పెట్టె నిండా తడిగుడ్డల వాసన. మా ఎదుటి సీట్లో లోకో షెడ్డు ఫిట్టరు గారి భార్య, ఇద్దరు ఆడపిల్లలతో కూర్చుంది. ఖరగ్‌పూర్‌లో బండి మారి పూరీ వెళుతున్నారట. మొక్కు ఉందా అని అడిగాను.

"మొక్కేటి లేదు బాబూ. సోమవారంతో పాస్ లాప్స్ అయిపోతాది. చేతిలో పాస్ ఉండగా ఇంట్లో కూకుంటామేటి?" అంది.

మా కాలనీ గురించి తెలియనివాళ్లకి ఇది వింతగా ఉండొచ్చు. ఏడాదికి వచ్చే ఉచిత పాసులు మూడే. రాయించుకున్న పాస్‌ని గడువు లోపల వాడకపోతే వృథా. అందుకని పెళ్లీ పేరంటం ఏమీ లేకపోయినా జనం బయలుదేరతారు. పాస్ లాప్స్ చేసుకున్న ఇంటిని నలుగురూ జాలిగా చూస్తారు.

చాంపా దాటాక సింహాచలం తన ఆలోచన చెప్పాడు. ఆ పార్కులో ఏడాది పాస్ అనేది ఉంది. ముందు ఒకరోజు టికెట్టుతో లోపలికి వెళ్లి, నచ్చితే అదే రోజు సాయంత్రం నాలుగింటి లోపల మిగతా డబ్బు కట్టి దాన్ని ఏడాది పాస్‌గా మార్పించుకోవచ్చు. తోటి గార్డు ఒకతను చెప్పాడట. పావనికొకటి, తనకొకటి తీసుకుంటాడు. పిల్ల పాస్ పిల్ల చేతికే ఇచ్చి పంపిస్తాడు.

"మా బావమరిది ఇరవయ్యేళ్ల సర్వీసున్న మనిషి అన్నయ్యా. ఇంట్లో ఏడాది పాస్ ఉంటే దాన్ని లాప్స్ అవనివ్వడు. నెలకోసారేనా పంపిస్తాడు. నువ్వే చూడు," అన్నాడు.

ఉచితంగా వచ్చిన పాస్‌కీ, మరొకరు డబ్బు పెట్టి కొన్న పాస్‌కీ తేడా ఉందని చెబుదామనుకున్నాను. అతను సంచిలోంచి పావని ఫోటోలు రెండు తీసి చూపించాడు. పాస్ మీద అంటించడానికి తెచ్చాడు. పిల్లకి ఎనిమిదేళ్లప్పటి ఫోటోలు.

పొద్దున్న ఏడుంబావుకి హౌరాలో దిగాం. వెయిటింగ్ రూములో స్నానాలు చేసి, స్టాల్లో రొట్టె, టీ తీసుకుని, తొమ్మిదింటికి పెద్ద గడియారం కింద నిలబడ్డాం. కలకత్తా వచ్చినవాళ్లు ఒకరినొకరు కలుసుకునే చోటు అదే. ప్రకాశరావు చెప్పిన టైముకి వచ్చాడు. పిల్లని నా పక్కకి పంపి, "ఐదింటికి ఇక్కడే, బావగారూ," అని సింహాచలంతో అని, టీ తాగడానికి కూడా ఆగకుండా వెళ్లిపోయాడు. మర్యాద తప్పలేదు, ఒక్క మాట ఎక్కువా మాట్లాడలేదు.

పావనికి పదేళ్లు నిండాయి. సన్నగా, పొడుగ్గా సాగింది. నాకు నమస్తే పెదనాన్నా అంది. తండ్రిని చూసి తల ఊపింది. అతను ఆమె చేతిలో గొడుగు అందుకోబోయాడు; నేనే పట్టుకుంటానంది. బస్సులో నా పక్కన కిటికీ దగ్గర కూర్చుంది. సింహాచలం గంటసేపు కడ్డీ పట్టుకుని నిలబడే వచ్చాడు. మధ్యలో సీటు ఖాళీ అయినా కూర్చోలేదు.

పార్కు నగరానికి తూర్పున, చెరువులు పూడ్చిన కొత్త పేటలో ఉంది. గేటు దగ్గర పెద్ద బోర్డు మీద షరతులన్నీ రాసి ఉన్నాయి. నేను నోట్‌బుక్‌లో రాసుకున్నాను. టికెట్టు ఆ ఒక్క రోజుకే. వాన వల్ల ఏ ఆట ఆగినా డబ్బు వాపసు ఉండదు. కొన్ని ఆటలు టికెట్టులోనే కలిసి ఉంటాయి, కొన్నింటికి విడిగా కట్టాలి. నాలుగు అడుగుల లోపు పిల్లల్ని పెద్ద ఆటలు ఎక్కనివ్వరు. ఏడాది పాస్ ఎవరి పేరున ఉంటే వాళ్లకే. దుర్గాపూజ సెలవుల్లో అది చెల్లదు. అన్నిటికంటే కింద, చిన్న అక్షరాల్లో, బయటికి వెళితే మళ్లీ రానివ్వరని ఉంది. నేను రాసుకుంటుండగానే సింహాచలం మూడు టికెట్లు తెచ్చేశాడు. బోర్డు చదివే ఓపిక అతనికి లేదు. టికెట్ల సంగతి తనకొకరు చెప్పాలా అన్న ధీమా కూడా ఉండి ఉంటుంది.

లోపల జనం పలచగా ఉన్నారు. జల్లు పడుతూ ఆగుతూ ఉంది. పావని ఎక్కాలనుకున్నది రంగుల రాట్నం కాదు, దాని వెనకాల ఉన్న జెయింట్ వీల్. దాని దగ్గర నాలుగు అడుగుల గీత గీసిన చెక్క పాతారు. సింహాచలం ముందుగానే వెళ్లి, పిల్ల కొంచెం పొట్టి, తను పట్టుకుని కూర్చుంటానని అక్కడి మనిషిని హిందీలో బతిమాలడం మొదలుపెట్టాడు. ఆ మనిషి పావనిని చెక్క పక్కన నిలబెట్టాడు. గీత ఆమె చెవి దగ్గరికి వచ్చింది. సింహాచలం మాట ఆపేశాడు. ఎలాగూ చక్రాన్ని వాన వల్ల ఆపేశారు. ఎండ వస్తే తిప్పుతామన్నారు.

రెండు చిన్న ఆటలు ఆడించేసరికి పన్నెండున్నర అయింది. లోపల కట్‌లెట్లూ, రోల్సూ తప్ప ఏమీ లేవు. కూతుర్ని బల్ల దగ్గర కూర్చోబెట్టి అన్నం తినిపించాలని సింహాచలం కోరిక. రోడ్డు అవతల భోజనం హోటలు వచ్చేటప్పుడే చూసి పెట్టుకున్నాడు. బయటికి వెళితే రానివ్వరట అని నేను చెప్పాను. అతను నవ్వాడు.

"బ్రేక్ జర్నీ ఉంటాది అన్నయ్యా. ఎండార్స్ చేయించుకుంటే సరి."

మా రైళ్లలో దూరం టికెట్టు మీద దారిలో దిగొచ్చు. దిగిన స్టేషన్లో టికెట్టు వెనక సంతకం చేయించుకుంటే తర్వాతి బండి ఎక్కనిస్తారు. సింహాచలం గేటు కాపలాదారు దగ్గరికి వెళ్లి మూడు టికెట్లూ తిరగేసి పట్టుకుని, సంతకం పెట్టమన్నాడు. అతనికేమీ అర్థం కాలేదు. కానీ అడిగిన మనిషి అధికారిలా అడిగాడు. కాపలాదారు చెవి మీది పెన్ను తీసి మూడింటి మీదా గిలికాడు.

భోజనం బాగుంది. అన్నం, పప్పు, బంగాళాదుంప వేపుడు, చేప. పావని చేప ముల్లు తీసుకోవడం నేర్చుకుంది. సింహాచలం తినకుండా అది చూస్తూ కూర్చున్నాడు. తిరిగి గేటు దగ్గరికి వచ్చేసరికి రెండున్నర. కాపలా మారింది. కొత్తతను టికెట్టు వెనక సంతకాన్ని చూసి, ఇవి ఎవరి గీతలు అని అడిగాడు. సింహాచలం గొంతు పెంచాడు. పావని వెంటనే నా వెనక్కి వచ్చి నిలబడింది. అది అతను చూశాడు. గొంతు దించి, మరి ఏమిటి దారి అని అడిగాడు. కాపలాదారు పక్కనున్న ఆఫీసు చూపించాడు: కొత్త టికెట్లయినా కొనండి, లేదా పాత టికెట్లని ఏడాది పాస్‌గానైనా మార్పించుకోండి, పాస్ ఉన్నవాళ్లు రోజుకి ఎన్నిసార్లయినా లోపలికి రావచ్చు.

సింహాచలం మొహం తేటపడింది. ఎలాగూ చేయబోయే పనే కదా అన్నాడు.

ఆఫీసులో నడివయసు బెంగాలీ ఆవిడ ఒకరు టైపు చేసిన ఫారాలు ఇచ్చారు. ఓపికగలావిడ. ఫోటో పాతది, ఈ పిల్లదేనా అని అడిగి, తనే మళ్లీ పోనీలెండి అన్నారు. పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు సింహాచలం చకచకా చెప్పాడు. ఆవిడ రాసుకున్నారు. పిల్లలకి తక్కువ రేటు కాబట్టి బడి పేరు, తరగతి రాయాలన్నారు. అది సింహాచలానికి తెలియదు. పావని వైపు చూశాడు.

పావని బల్ల అంచు పట్టుకుంది. "ఇప్పుడు ఏ స్కూలూ లేదు నాన్నా. టీసీ లే లియా," అంది.

ఆవిడకి తెలుగు రాదు. బడి నుంచి టీసీ తీసేసుకున్నారని మాత్రం అర్థమైనట్టుంది, పెన్ను పక్కన పెట్టారు.

"ఏ ఊరు?" అన్నాడు సింహాచలం.

"విజయనగరం. అమ్మకి అక్కడ బళ్లో పోస్టు వచ్చింది. వచ్చే వారం వెళ్లిపోతున్నాం. తాతయ్య వాళ్లింట్లోనే ఉంటాం."

"చెప్పొద్దన్నారా నీకు?"

"కాదు. అమ్మ పొద్దున్నే చెప్పేయమంది. నేనే, సాయంత్రం చెప్దాంలే అనుకున్నా."

గోడ గడియారం మూడు కావడానికి పది నిమిషాలుంది. సింహాచలం ఫోటోలు రెండూ తీసి జేబులో పెట్టుకున్నాడు. కూతురి పాస్ వేరే పిల్ల పేరుకి మార్చుకోవచ్చా, వేరే ఊళ్లో చెల్లుతుందా అని అడుగుతాడేమో అనుకున్నాను. అడగలేదు. ఒక గంటకి టికెట్టు ఏదైనా ఉందా అని అడిగాడు. లేదన్నారావిడ. రోజు టికెట్లే మళ్లీ తీసుకున్నాడు. డబ్బు దండగ, నేను బయట కూర్చుంటాను, మీరిద్దరూ వెళ్లండి అన్నాను.

"పెదనాన్న రావాలి," అంది పావని. "అమ్మ అడుగుతుంది."

సింహాచలం మూడో టికెట్టు కూడా తీశాడు.

వాన కాస్త తెరిపి ఇచ్చింది. చక్రం తిరుగుతోంది. అయితే ఒక్కో తొట్టెలో ఇద్దరే కూర్చోవాలట. పావని నా వైపు చూసింది. ఆమె ఎవరితో ఎక్కాలో నేను చెప్పదలచుకోలేదు. కొంచెంసేపు ఆలోచించి, గొడుగు నా చేతికిచ్చి, తండ్రి పక్కన కూర్చుంది. కింద నుంచి చూస్తే ఇద్దరి మధ్యా జానెడు ఖాళీ కనిపించింది. పైకి వెళ్లాక ఏమీ కనిపించలేదు. ఆరు చుట్లు తిప్పి దించేశారు. దిగాక ఆమె గొడుగు అడిగి తీసుకుంది.

ఐదుకి ఐదు నిమిషాలు తక్కువగా గడియారం కిందకి చేరాం. ప్రకాశరావు అక్కడే ఉన్నాడు. సింహాచలం విజయనగరం మాట ఎత్తలేదు, ప్రకాశరావూ ఎత్తలేదు. పావని వెళ్లొస్తాను నాన్నా అని తెలుగులోనే చెప్పి, లోకల్ ప్లాట్‌ఫారాల వైపు నడిచింది.

మా బండి ఎనిమిదింటికి. ఖరగ్‌పూర్‌లో పూరీ తిన్నాం. అక్కడ నేనే మాట కదిపాను. విజయనగరం మన ఊరే కదా, రాయ్‌పూర్ మీదుగా ఒక రాత్రి ప్రయాణం, ఈ ఏడాది నీకింకా రెండు పాసులున్నాయి అన్నాను.

"పాసులకేటి అన్నయ్యా. అక్కడ మా మాంగారి గుమ్మం ఎక్కాలి. ఆ వీధిలో అందరికీ తెలుసు నేనేటి చేశానో. ఇక్కడైతే టికెట్టు కొన్నవాడిని ఎవడూ అడగడు."

తర్వాత చక్రం మీద పావని ఏమడిగిందో చెప్పాడు. తాగడం మానేశావా అని అడిగిందట. మానేశాను, రెండేళ్లయింది అన్నాడట. "మరి మాకెలగ తెలుస్తాది అంది. దానికేటి చెప్తాం?" అన్నాడు. పై బెర్తు ఎక్కి అటు తిరిగి పడుకున్నాడు.

సోమవారం ఎనిమిదిన్నరకి బిలాస్‌పూర్‌లో దిగాం. ఇక్కడా వానే. అతనికి పదింటికి డ్యూటీ, కట్నీ వైపు బొగ్గు బండి. ఇంటికి వెళ్లి బట్టలు మార్చుకుని వస్తానని రిక్షా ఎక్కాడు. నేను దయాల్‌బంద్‌లో మా ఇంటి దాకా నడిచాను.

పార్కు మంచిదే. శుభ్రంగా ఉంది, మనుషులు మర్యాదస్తులు. వానల్లో వెళ్లకండి. తినడానికి ఏదైనా ముందే తిని వెళ్లండి, లేదా లోపల దొరికిందే తినండి. బయటికి వస్తే ఎవరి సంతకమూ పనికిరాదు. పిల్లల ఎత్తు ఇంట్లోనే కొలుచుకోండి. ఏడాది పాస్ లాభమేనా అంటే, నాలుగైదుసార్లు వెళ్లగలిగితే లాభమే. మార్పించుకోవడానికి సాయంత్రం నాలుగు దాకా టైముంటుంది, తొందరేం లేదు. పిల్లల ఫారంలో మాత్రం బడి పేరు రాయాలి. వచ్చే ఏడు ఏ ఊళ్లో చదువుతారో బయలుదేరే ముందే అడిగి తెలుసుకోండి.