అమ్మకు నేను చెప్పిన దీపాలు

మొన్న మంగళవారం మా మార్కాపురం వీధిలోకి నీళ్ల ట్యాంకరు వచ్చినప్పుడు, ఇంట్లో క్యాన్ నీళ్లున్నాయి, ఎండలో మీరెందుకు నిలబడతారని కోడలు వారిస్తున్నా వినకుండా, నేనూ ఒక ప్లాస్టిక్ బిందె పట్టుకుని వరుసలో నిలబడ్డాను. అవసరం ఉండి కాదు. నీళ్లకు అల్లాడిన ఊళ్లలో పెరిగిన నా ఈడు వాళ్లకు ఇది చెప్పకుండానే అర్థమవుతుంది. నీళ్ల బండి చప్పుడు వినపడితే మన కాళ్లు మన మాట వినవు. బిందె నిండాక చంకకు ఎత్తుకోబోయి, నడుము సహకరించక కింద పెట్టేసి, పైపులోంచి కారిన నీళ్లు రోడ్డు మీద ఉత్త పుణ్యానికి పారిపోతుంటే చూస్తూ ఉండిపోయాను. అప్పుడు నాకు ఒకేసారి రెండు చోట్లు గుర్తుకొచ్చాయి. ఒకటి గిద్దలూరు పక్క పల్లెలో, మేము పుట్టి పెరిగిన ఊళ్లో, మసీదు గుమ్మం ముందుండే నల్లబండ. రెండోది, చెబితే నవ్వుతారేమో గానీ, ఎక్కడో మొరాకో దేశంలో సముద్రం ఒడ్డునున్న అగాదీర్ అనే ఊరు.

అగాదీరుకు నేను విహారానికి పోలేదు, పురుడు పోయడానికి పోయాను. మా చెల్లెలి అల్లుడికి అక్కడ చేపలు నిలవబెట్టే కోల్డ్ స్టోరేజీ కంపెనీలో ఉద్యోగం. కూతురికి నెలలు నిండే వేళకు మా చెల్లెలికి మోకాళ్ల ఆపరేషన్ అయి మంచం దిగలేని స్థితిలో ఉంటే, బడిపంతులమ్మగా రిటైరై ఖాళీగా ఉన్న పెద్దమ్మను నేనే కదా అని బయలుదేరాను. పెట్టెనిండా కందిపప్పు, వాము, ఇంగువ, బిడ్డ ఒళ్లు రుద్దడానికి ఆముదం. విమానాశ్రయంలో పెట్టె తెరిపించిన ఆఫీసరు ఇంగువ డబ్బా వాసన చూసి మొహం అటు తిప్పుకుని, ఇక చాల్లే పో అన్నట్టు చెయ్యి ఊపడం ఇప్పటికీ మా ఇంట్లో చెప్పుకుని నవ్వుకుంటాం.

మాది దూదేకుల ఇల్లు. మా నాయన ఊరూరా తిరిగి పరుపులకు దూది ఏకేవాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఉరుదూ సరిగ్గా రాదని పట్నపు సాయిబులు మమ్మల్ని ఒక మెట్టు కింద నిలబెట్టి మాట్లాడటం, సాయిబులై ఉండీ మీకు ఉరుదూ రాదేమని తక్కినవాళ్లు వింతగా చూడటం, రెండూ చిన్నప్పటి నుంచి అలవాటైపోయాయి. అగాదీరులో ఈ పరీక్ష ఎవరూ పెట్టలేదు. సలాం చెబితే సలాం చెప్పారు. చీర చూసి, హిందియా అని గుర్తుపట్టి, మన హిందీ సినిమా పాట ఏదో ఒక ముక్క పాడి, పుదీనా వేసిన తీపి టీ గ్లాసు చేతిలో పెట్టారు. వాళ్ల భాష నాకు రాదు, నా భాష వాళ్లకు రాదు కనుక ఇద్దరం సమానమయ్యాం.

సాయంత్రాలు అల్లుడు మమ్మల్ని బీచికి తీసుకుపోయేవాడు. పొద్దున పూట ఊరంతా మంచు కమ్మి ఉండేది గానీ, మధ్యాహ్నానికి ఎండ వచ్చేసరికి ఆ పొడవాటి ఇసుక ఒడ్డంతా మనుషులే. నీడ కోసం గోడవార నడిచే ఊరి నుంచి పోయిన నాకు, ఎండ కోసం విమానాలెక్కి వచ్చి ఒళ్లంతా నూనె పూసుకుని పడుకున్న తెల్లవాళ్లను చూస్తే మొదట్లో నవ్వు ఆగేది కాదు. వాళ్లకు నాలుగడుగుల దూరంలోనే పాదాల దాకా దిగే అంగీలు వేసుకుని తలకు రుమాళ్లు కట్టుకున్న అక్కడి ఆడవాళ్లు పిల్లల్ని ఆడించుకుంటూ ఫ్లాస్కులో టీ వంచుకుని తాగేవాళ్లు. ఇటు వాళ్లను అటు వాళ్లు తప్పు పట్టింది లేదు. నేను కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని మడమలు తడిసేదాకా నీళ్లలో నిలబడి, ఇన్ని నీళ్లు ఒక్క చోట పోసిపెట్టి మా పల్లెకు మాత్రం ఒక్క మోటబావి ఇచ్చాడేమిటా దేవుడని అనుకునేదాన్ని.

ఊరికి ఉత్తరాన కొండ మీద పెద్ద పెద్ద అరబ్బీ అక్షరాలున్నాయి. చిన్నప్పుడు ఖురాను చదవడం నేర్పిన హజరత్ పుణ్యమా అని వాటిని కూడబలుక్కుని చదివితే, దేవుడు, దేశం, రాజు అని అల్లుడు అర్థం చెప్పాడు. ఒకప్పటి ఊరు భూకంపంలో నేలమట్టమైందట. ఇప్పుడు కనపడేదంతా ఆ తర్వాత కట్టిందేనట. పోయింది పోగా మిగిలినవాళ్లు ఆ పక్కనే మళ్లీ గోడలు లేపుకున్నారని వింటే నాకు దుఃఖం వచ్చింది. పోయినదాన్ని కట్టుకునే వీలు అందరికీ దొరకదు.

బిడ్డ పుట్టి నలభై దినాలు గడిచాక ఒక ఆదివారం బీచి నుంచి తిరిగి వస్తుంటే సాయంత్రపు అసర్ నమాజుకు అజాన్ వినపడింది. దారిలోనే పెద్ద మసీదు. అల్లుడు చెయ్యి చాపి బిడ్డను అందుకున్నాడు.

"అత్తమ్మా, మీరిద్దరూ పోయి నమాజు చదువుకుని రాండి. బిడ్డను నేను పట్టుకుంటా. మీరొచ్చినాక నేను పోతా."

మేము లోపలికా అని నేను ఆగిపోతే, చెల్లెలి కూతురు నా చెయ్యి పట్టి లాగింది. "ఏంది పెద్దమ్మా, అట్ల నిలబడినావు? ఈడ ఆడోళ్లందరూ పోతారు. రా."

మగవాడు బిడ్డనెత్తుకుని బయట నిలబడితే ఆడవాళ్లం లోపలికి పోవడం నా బతుకులో అదే మొదలు. లోపల, నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడిగి వజూ చేసుకునే చోట వరుసగా కొళాయిలున్నాయి. ఒకటి తిప్పాను. నీళ్లు ధారగా పడ్డాయి. ఆ ధార కింద చేతులు పెట్టి, మొహం కడుక్కోవడం మరిచి, కొళాయి కట్టడమూ మరిచి, అట్లాగే కూర్చుండిపోయాను. ఎందుకో చెప్పాలంటే మా అమ్మ సంగతి చెప్పాలి.

నాకు ఏడాది నిండకముందు జ్వరమొచ్చి ఫిట్సు పడి, ఇక దక్కదని అందరూ ఆశ వదులుకుంటే, మా అమ్మ పోయి మసీదు గుమ్మం ముందు నిలబడి, నా బిడ్డ బతికితే ఏడాది పాటు వజూ తొట్టి నింపుతానని మొక్కుకుందట. నేను బతికాను. అమ్మ కందిచేల అవతల ఉన్న మోటబావి నుంచి తల మీద రెండు, చంకన ఒకటి, మూడు కుండలతో పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి నీళ్లు మోసేది. మా పల్లెలో ఆడవాళ్లు మసీదు గడప దాటే ఆచారం లేదు. అందుకని గుమ్మం ముందున్న నల్లబండ మీద కుండలు దించితే, అజాన్ ఇచ్చే తాత వాటిని లోపలికి తీసుకుపోయి తొట్టిలో పోసి, ఖాళీ కుండలు తెచ్చి ఇచ్చేవాడు. ఏడాది తిరిగినా అమ్మ మానలేదు. మొక్కు తీరిపోయింది కదా అని మా నాయన ఒకసారి అంటే, "అల్లా దాన్ని నాకు ఒక్క ఏడాదికే ఇచ్చినాడా ఏంది?" అన్నది. ఊళ్లో బోరు పడిందాకా, నేను పెళ్లై పిల్లల తల్లినయ్యిందాకా, జ్వరమొచ్చిన రోజులు తప్ప మోస్తూనే ఉంది. కుండలు పెట్టీ పెట్టీ ఆ బండ మీద గుంట పడింది.

నాకు ఏడేళ్లప్పుడు మసీదులో రంజాను గంజి పోస్తుంటే నాయన వెంట నేను లోపలికి పోయాను. ఆడపిల్లలైనా ఆ వయసు దాకా అడ్డం చెప్పేవాళ్లు కాదు. గంజి గిన్నెతో ఇంటికి రాగానే అమ్మ దాన్ని పక్కన పెట్టి నన్ను ముందు కూర్చోబెట్టుకుంది. "ఏందే నా తల్లీ, లోపల ఏముందో చెప్పు." లోపల ఉన్నది నాలుగు ఈతచాపలు, సున్నం రాలిన గోడ, మసిపట్టిన ఒక్క లాంతరు. అన్ని నీళ్లు మోసిన మనిషికి ఆ మాట చెప్పబుద్ధి కాలేదు. గిద్దలూరులో ఒక బట్టల దుకాణంలో గోడకున్న క్యాలెండరు బొమ్మ గుర్తుకొచ్చి, పైకప్పు నుంచి గాజుపూల గుత్తిలాగా వేలాడే దీపాలున్నాయని, గోడలకు పచ్చటి పలకలు అతికించారని చెప్పేశాను. అమ్మ మొహం చూడాలి అప్పుడు. ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగిందో లెక్కలేదు, అడిగినప్పుడల్లా నేను నాలుగు దీపాలు కలిపి చెప్పాను. బావి దగ్గర తక్కిన ఆడవాళ్లకు అమ్మ ఆ దీపాల గురించి గర్వంగా చెబుతుంటే విన్నాను. నాయనకూ తెలిసే ఉంటుంది. ఆయన ఎన్నడూ కాదనలేదు.

నేను అదే ఊళ్లో టీచరుగా పనిచేస్తున్న రోజుల్లో, ఒక రంజానుకు ముందు మసీదుకు సున్నం కొడుతున్నారు. బడి నుంచి వస్తుంటే, అప్పటికే నడుము వంగిపోయిన అమ్మ ఆ నల్లబండ మీద కూర్చుని నా కోసం ఎదురు చూస్తోంది. తలుపులు బార్లా తీసి ఉన్నాయి గానీ ఆమె కూర్చున్న చోటికి తొట్టి అంచు తప్ప ఏమీ కనపడదు.

"సున్నం కొట్టేవాళ్లు అన్నానికి పోయినారే. లోపల ఎవరూ లేరు. ఒక్కసారి నా చెయ్యి పట్టుకో, నువ్వు చెప్పినావే, ఆ దీపాలు చూసి వస్తాను."

అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి కసిరాను. "ఊరుకోమ్మా, ఎవరన్నా చూస్తే నా మొహాన ఉమ్మేస్తారు. నేను ఈ ఊళ్లో పంతులమ్మను." జనానికి భయపడిన మాట నిజమే. కానీ అది సగం నిజం. లోపలికి అడుగుపెడితే నా అబద్ధం బయటపడుతుందనే భయం తక్కిన సగం. అంత కష్టపడి మోసిన నీళ్లన్నీ ఒక లాంతరు కిందకి పోయాయని అమ్మకు తెలిసిపోతుందని. అమ్మ నా మొహం ఒక క్షణం చూసి, నా భుజం పట్టుకుని లేచింది. "అట్లనేలే. నువ్వు చూసినావు కదా, అది చాలు."

మళ్లీ అడగలేదు. ఆ చలికాలంలోనే పోయింది. అమ్మను మోసుకొచ్చిన జనాజాను మసీదు ముందు ఆ నల్లబండ పక్కనే దించి, మగవాళ్లంతా వరుసల్లో నిలబడి నమాజు చదివి, అటునుంచి అటే తీసుకుపోయారు. నేను వీధి చివర ఆడవాళ్ల మధ్య నిలబడి చూశాను. ఆఖరి రోజు కూడా మా అమ్మ గడప ఇవతలే ఆగిపోయింది.

అగాదీరు మసీదులో కొళాయి కట్టేసింది నేను కాదు, పక్కన కూర్చున్న ఒక ముసలావిడ. నీళ్లు పోతున్నాయని కోప్పడలేదు; నా మోచెయ్యి పట్టి లేపి లోపలికి నడిపించింది. ఎర్రటి తివాసీ మీద ఆడవాళ్లంతా భుజాలు తగిలేలా నిలబడి ఉన్నారు. ఆవిడ కొంచెం జరిగి, నా చీర కొంగు పట్టుకుని వరుసలోకి లాక్కుంది. తలెత్తి చూశాను. పైకప్పు నుంచి గాజుపూల గుత్తిలాగా దీపాలు వేలాడుతున్నాయి. గోడలకు పచ్చటి పలకలు.

నమాజు ఎట్లా చదివానో తెలియదు. అందరూ లేచిపోయాక కూడా అక్కడే కూర్చుని, మా అమ్మతో తెలుగులో చెప్పుకున్నాను. అమ్మా, మన మసీదులో ఉన్నది ఒక్క లాంతరే, అది కూడా మసిపట్టింది, నీకు చెప్పినవన్నీ ఇక్కడున్నాయి, నిన్ను ఆ రోజు చెయ్యి పట్టుకుని తీసుకుపోలేదు, నన్ను క్షమించు అని. ఏడ్చాను. ముసలావిడ నా మోకాలి మీద అరచెయ్యి ఉంచి, కాసేపు కూర్చుని పోయింది. చెల్లెలి కూతురు కంగారుపడి వచ్చి ఏమైంది పెద్దమ్మా అంటే, ఏం లేదులేమ్మా, దీపాలు బాగున్నాయి అన్నాను. బయట అల్లుడు బిడ్డను భుజాన వేసుకుని జోకొడుతూ అటూ ఇటూ తిరుగుతున్నాడు.

ఆ బిడ్డ ఇప్పుడు బడికి పోతోంది. మా పల్లెలో పాత మసీదు పడగొట్టి, పాలరాయి పరిచి కొత్తది కట్టారు. తొట్టి లేదు, మోటారు నొక్కితే కొళాయిల్లో నీళ్లు. సిమెంటు మెట్లు వేసినప్పుడు నల్లబండను పెకలించి ఎక్కడ పారేశారో అడిగితే చెప్పగలిగినవాళ్లు కనపడలేదు. పక్కన ఆడవాళ్లకు వేరే గది కూడా ఉంది. మంచి మార్పు, కాదనను. నా కోడలు ఊరికి పోయినప్పుడల్లా ఏ బెరుకూ లేకుండా లోపలికి పోయి వస్తుంటే కడుపు నిండినట్టే ఉంటుంది. పోయిన రంజానుకు నేనూ పోయాను. పైన గాజు దీపాలు పెట్టారు. అగాదీరులో వాటంత కాకపోయినా బాగానే వెలుగుతున్నాయి. నమాజయ్యాక మెట్లు దిగి, బండ ఉండిన చోట ఒక నిమిషం నిలబడ్డాను. ఇప్పుడు నేను చెప్పేది అక్షరాలా నిజం, ఒక్క దీపం కూడా కలిపి చెప్పక్కర్లేదు. లోపల ఏముందే అని అడిగే మనిషే లేదు.