మా అత్తకు పారాణి పెట్టిన కొలను

తామర కుండీ మీదుగా ఈదబోయిన చేప వీపు గాల్లోకి తేలి కనిపించిన ఆ క్షణంలోనే నాకు అర్థమైపోయింది, మా వంటిల్లు కూలిపోబోతోందని.

చేప వీపుకీ వంటింటికీ సంబంధమేమిటని మీరు అడగవచ్చు. ఇద్దరు చిన్నపిల్లల తల్లిని అలాంటివి అడగకూడదు. చిన్నోడు తుమ్మితే ఆస్పత్రి మంచం దాకా, పెద్దది బడి నుంచి రావడం కాస్త ఆలస్యమైతే పోలీస్ స్టేషన్ దాకా వెళ్లి వచ్చే బుర్ర నాది. చేప వీపు నుంచి వంటింటి గోడకు పోవడం దానికొక లెక్కా? చివరికి వంటిల్లు కూలలేదు. కూలి ఉంటేనే మేలు. నేను చేసిన ఘనకార్యం ఆ మట్టి కింద పడి, ఊరికి తెలియకుండా ఉండేది.

హిందూపురంలో మా ఇంటి పెరట్లో, వంటింటి గోడ పక్కనే చిన్న కొలను ఉంది. కొలను అని నేనంటాను, గుంత అని మా అత్త అంటుంది. జానెడు ఎత్తు సిమెంటు గట్టు, లోపల తామర కుండీలు, పిల్లలు పెంచుకునే చేపలు. నిండా నీళ్లు పోస్తే మర్నాటికి నాలుగు వేళ్లు దిగిపోతున్నాయి. మళ్లీ నింపితే మళ్లీ నాలుగు వేళ్లు. ఆ నీళ్లన్నీ పునాది కిందికి పోతున్నాయనీ, ఏదో ఒక రోజు నేను చపాతీలు ఒత్తుతూ పొయ్యితో సహా పాతాళానికి దిగిపోతాననీ నాకు గట్టి నమ్మకం.

"అత్తా, కొలనులో నీళ్లు యాడికో పోతాండాయి."

"ఎండలు చూడు ఎట్లుండాయో. మనుషులే ఇంకిపోతాంటే గుంత ఇంకదా?" అంది అత్త.

సాయంత్రం మా ఆయన పెనుకొండలో ఆఫీసు ముగించుకుని వచ్చి, సంగతి విని తీర్పు చెప్పేశారు. "కొళాయి ఎప్పుడొస్తాదో తెలీని ఊర్లో, పట్టుకున్న నీళ్లు నేలకు తాగించేకి కాదు. ఆదివారం లోపల యాడ పోతాండాయో తేలకపోతే మట్టి పోసి పూడ్చేస్తా. చేపల్ని బుక్కపట్నం చెరువులో వదిలేద్దాం."

"నాయనా, ఆడ చేపల్ని పట్టి పులుసు చేసుకుంటారంట!" అని మా లాస్య ఏడుపు అందుకుంది. అక్క ఎందుకు ఏడుస్తోందో తెలియకపోయినా చిన్నోడు అంతకంటే గట్టిగా అందుకున్నాడు.

"ఎవరూ ఏడవద్దండి. ఆదివారం లోపల నేను తేలుస్తా," అన్నాను. "నేను చదివింది బీయస్సీ ఫిజిక్స్."

"అదే నా భయం," అన్నారు మా ఆయన.

మొదట ఎండను పరీక్షించాను. బకెట్ నిండా నీళ్లు పోసి కొలను పక్కనే పెట్టాను. మర్నాటికి బకెట్లో ఏదో కొంచెం తగ్గింది, కొలను మాత్రం తన నాలుగు వేళ్లూ దిగిపోయింది. ఎండ నిర్దోషి అని తేల్చి, పక్కింటి నంజుండప్ప కొబ్బరిచెట్టు మీద పడ్డాను.

"అన్నా, మీ చెట్టు వేర్లు మా కొలను కిందికి వచ్చినట్టుండాయి."

"వస్తే?"

"నీళ్లు తాగుతాండాయి."

నంజుండప్ప చెట్టును కిందినుంచి పైదాకా చూశాడు. "ఏమ్మా, నా చెట్టు రాత్రిళ్లు గోడ దూకి మీ ఇంట్లో నీళ్లు తాగి, తెల్లారేసరికి ఏమీ తెలీనట్టు ఈడొచ్చి నిలబడతాండాదా?"

"దొంగతనమని నేను అనలేదన్నా."

"అనమ్మా, అను. ఈసారి కాయలు దించినప్పుడు మీ నీళ్లు మీకిచ్చేస్తాలే. కొబ్బరినీళ్లే కదా!"

గోడకు ఇవతల అత్త తల కొట్టుకుంది. "ఏమ్మే, మనుషులు చాలక చెట్లతో కొట్లాటకు పోతాండావా?"

అవమానం నన్ను ఆపలేదు. నీళ్లు ప్రతిసారీ నాలుగు వేళ్ల దగ్గరే ఎందుకు ఆగుతున్నాయి? పగులు ఆ ఎత్తులోనే ఉంది కాబట్టి! ఈ తర్కానికి నాకు నేనే మురిసిపోయి ఓబులేసు మేస్త్రీని పిలిపించాను. అతను కూడా మురిసిపోయాడు, పని దొరికింది కదా. గట్టు అంచుకు నాలుగు వేళ్ల కింద చుట్టూ సిమెంటు పూశాడు. అతని పనికి అడ్డం రాకుండా, గట్టు మీద నేను పరిచి ఉంచిన పాత నూలు చీరను తీసి ఉతికి ఆరేశాను.

ఆ చీర సంగతి చెప్పలేదు కదూ. అదేం పెద్ద విషయం కాదు. గట్టు పాచి పట్టి జారుతుంది. చిన్నోడు జారిపడితే? పడి తల తగిలితే? అందుకని నాలుగు మడతలు వేసి గట్టు మీద పరిచాను. గాలికి లేచిపోకుండా ఒక కొసను నీళ్లలోకి వదిలి, రెండో కొసను బయట కరివేపాకు మొక్క మొదట్లోకి వేలాడదీశాను. తల్లి అన్నాక ఆ మాత్రం ముందుచూపు ఉండాలి.

సిమెంటు ఆరాక కొలను నింపాము. మర్నాడు చూస్తే నీళ్లు వెంట్రుకంత కూడా కదల్లేదు.

"చూస్తిరా అమ్మా," అన్నాడు ఓబులేసు మీసం దువ్వుతూ, "మన చెయ్యి పడితే నీళ్లు అడగకుండా కదలవు."

నేను సంతోషంతో, ఉతికిన చీరను మళ్లీ మడతలు పెట్టి, ఎక్కడిదక్కడ పరిచాను. మర్నాటికి నాలుగు వేళ్లు.

ఫోన్ చేస్తే ఓబులేసు నిలదీశాడు. "నేను పోయినంక మీరేం చేసినారమ్మా?"

"ఏమీ చేయలేదు!" అన్నాను రోషంగా. దేవుడి మీద ప్రమాణం కూడా చేశాను. ఆ దేవుడు ఆ రోజు ఎంత నవ్వుకున్నాడో.

ఆదివారం దగ్గరపడింది. లాస్య చేపలకు వీడ్కోలు చెప్పడం మొదలుపెట్టింది, ఒక్కొక్కదానికీ విడివిడిగా, కన్నీళ్లతో. అది చూశాక నాలోని ధర్మవరం ఆడబిడ్డ లేచి నిలబడింది. మా పుట్టింటివాళ్లు అక్కడ పట్టుచీరలు నేస్తారు. మా చిన్నాయన పట్టునూలుకు రంగులు వేస్తాడు. నీళ్లలో రంగు కలిపితే, ఆ రంగు బయట ఎక్కడ తేలితే అక్కడే పగులు! వెంటనే రైలెక్కి ధర్మవరం పోయాను.

"ఎర్ర రంగు కావల్ల చిన్నాయనా."

"ఏ చీరకమ్మా?"

"చీరకు కాదు. కొలనుకు."

చిన్నాయన తలాడించాడు. "కొలనుకు ఎరుపు సరే. అంచు ఏం రంగు పెట్టిస్తాండావు?"

నవ్వడం అయ్యాక పొట్లం కట్టిచ్చి హెచ్చరించాడు. "చిటికెడు చాలు. పట్టుకు పట్టిందంటే వదలదు. వంటికి పట్టిందా, చర్మం మారాల్సిందే."

శనివారం పొద్దున చేపల్ని టబ్బులోకి మార్చి, కొలనులో చిటికెడు వేశాను. ఇంత పలచటి రంగు కనబడకపోతే? ఆదివారం వచ్చేస్తే? చేపలు పులుసైపోతే? పొట్లం మొత్తం కుమ్మరించాను. కొలను కుంకుమ నీళ్ల గంగాళంలా అయింది. ఇక రోజంతా ఇల్లంతా గాలించాను. వంటింటి గోడ తడిమాను, కాలువలోకి తొంగి చూశాను. సిగ్గు విడిచి గోడ మీదుగా కొబ్బరిచెట్టునూ చూశాను.

"ఎర్ర బోండాలు కాస్తే నేనే చెప్తాలేమ్మా!" అని అరిచాడు నంజుండప్ప.

సాయంత్రం లాస్య కేక ఇల్లదిరిపోయేలా వినిపించింది. "అమ్మా! ఇంట్లోకి ఎవురో వచ్చినారు! అంతా రక్తం!"

చిన్నోణ్ణి చంకన వేసుకుని, అట్లకాడ పట్టుకుని పరుగెత్తాను. పెరటి గుమ్మం నుంచి ఎర్రటి అడుగులు వంటిల్లు దాటి, నట్టిల్లు దాటి, దేవుడి గదిలోకి పోయాయి. అట్లకాడ పైకెత్తి లోపలికి దూకాను. అత్త దీపం వెలిగిస్తోంది. ఆమె పాదాలు చీలమండల దాకా ఎర్రగా మెరుస్తున్నాయి.

"అత్తా, మీ కాళ్లు!"

అత్త కిందికి చూసుకుని కెవ్వుమంది. "ఓయమ్మా! ఈ వయసులో నాకు పారాణి పెట్టిందెవురే?"

"ముందు చెప్పండి, యాడ తొక్కినారు?"

"నేనేడ తొక్కినా? పోపుకు కరివేపాకు కోసుకొస్తి. ఆడేమో బురద బురదగా ఉండాది."

అడుగుల వెంట వెనక్కి పరుగెత్తాను. కరివేపాకు మొదట్లో ఎర్రటి మడుగు. దానిపైన నా చీర కొస, చుక్క, చుక్క, చుక్క. నా ముందుచూపు ఎర్రగా కారుతోంది.

దీపపు వత్తి నూనెను పీల్చినట్టు నా చీర కొలనును పీల్చి కరివేపాకుకు పోస్తోంది. నాలుగు వేళ్లకు మించి ఎత్తి పోయడం దానివల్ల కాలేదు, అందుకే అక్కడ ఆగింది. చీర తీగ మీద ఆరినప్పుడు కొలను నిండుగా ఉంది. ఈ సూత్రానికి బొమ్మ గీసి, భాగాలు గుర్తించి, మంచి మార్కులు తెచ్చుకున్నదాన్ని నేను.

అప్పుడే మా ఆయన వచ్చారు. ఎర్ర కొలను, ఎర్ర అడుగులు, ఎర్ర కాళ్ల కన్నతల్లి. "ఏం జరిగింది?"

"తేలిందండీ," అన్నాను. "ఆదివారం కంటే ముందే."

విషయం విన్నాక నవ్వు ఆపుకోలేక ఆయన వెళ్లి గట్టు మీద, సరిగ్గా ఆ చీర మీద కూలబడ్డారు. ఆఫీసు ప్యాంటు తెల్లది.

"నవ్వద్దురా!" అంది అత్త. "ఎల్లుండి పెనుకొండలో పెండ్లికి పోవల్ల. పెండ్లికూతురు పక్కన ఈ కాళ్లేసుకుని యాడ నిలబడేది?" తర్వాత నావైపు తిరిగి తానే నవ్వేసింది. "గుంతను పూడ్చేది వద్దులే. పూడ్చాల్సింది ఆ చీరను."

ఆ రాత్రికి ఎర్ర నీళ్లు తోడి పారబోశాము. కొళాయి దయతలచి మర్నాడు తెల్లవారకముందే వచ్చింది. పిల్లలు లేచేసరికి కొలను నిండింది, చేపలు తిరుగుతున్నాయి.

లాస్య బోసి గట్టును చూసి నిలబడిపోయింది. "అమ్మా, చీర లేకపోతే జారుతాది కదా?"

ఇద్దరినీ ఎదురుగా నిలబెట్టి చెయ్యి చాచాను. "ఈ చేపల మీద ఆన, మీ అవ్వ కాళ్ల మీద ఆన. మీరు పడతారని భయపడి ఇంకెప్పుడూ దేనిమీదా ఏమీ పరచను. నీళ్లు మీ మోకాళ్ల లోతే. జారితే జారండి, పడితే లేచి రాండి."

ఇద్దరూ కేరింతలు కొడుతూ గట్టెక్కారు. నేను చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, పెదవులు బిగించి, చాలాసేపే ఓర్చుకున్నాను. చిన్నోడు ఒంటికాలి మీద నిలబడేదాకా.

"మెల్లగా నాయనా, జారుతాది!"